రంగుకు తూకం

పెళ్ళి ఆల్బమ్ ప్రింటయి వచ్చాక స్టూడియోల్లో తరచూ వినిపించే ఫిర్యాదులు రెండే. ఒకటి, “ఫొటోలు నల్లగా వచ్చాయి.” రెండోది, “చీర రంగు ఇది కాదండీ.” నింద ల్యాబు మీదకో, కాగితం మీదకో, కెమెరా మీదకో పోతుంది. చాలాసార్లు తేడా అంతకుముందే, ఫొటోను దిద్దిన గదిలోనే, వచ్చేసి ఉంటుంది. దిద్దినవారు తెర మీద కనిపించినదాన్ని నమ్మి పనిచేశారు. ఆ తెర చూపిస్తున్నది సరైన రంగో కాదో తేల్చుకునే శక్తి వారి కంటికి లేదు. ఎంత అనుభవం ఉన్నా ఎవరి కంటికీ ఉండదు.

మన కన్ను పోల్చడంలో నేర్పరి, కొలవడంలో మాత్రం కాదు. ఫొటోల పనికి మానిటర్‌ను ఎలా ఎంచుకోవాలి, దాన్ని ఎలా క్యాలిబ్రేట్ చేయాలి అన్న ప్రశ్నలకు చెప్పే ప్రతి నియమమూ ఈ వాస్తవం నుంచే పుడుతుంది. అందుకే ముందు కన్ను గురించి, తర్వాత అంకెల గురించి, ఆపైన మానిటర్ గురించి మాట్లాడుకుందాం.

కన్ను చేసే సర్దుబాటు

ఒక తెల్లకాగితాన్ని మిట్టమధ్యాహ్నం ఆరుబయట చూడండి. రాత్రి పాతకాలపు ఫిలమెంటు బల్బు కింద మళ్ళీ చూడండి. బల్బు వెలుగులో నీలం పాలు చాలా తక్కువ, ఎరుపు పాలు చాలా ఎక్కువ. కాగితం నుంచి కంటికి చేరే కాంతి ఈ రెండు సందర్భాల్లో బొత్తిగా వేరు. అయినా రెండుసార్లూ అది మనకు తెల్లకాగితంలాగే కనిపిస్తుంది.

రెటీనాలో రంగును పట్టే కోన్ కణాలు మూడు రకాలు. దాదాపు 400 నుంచి 700 నానోమీటర్ల దాకా ఉన్న కాంతిలో ఒక్కో రకం ఒక్కో భాగానికి ఎక్కువగా స్పందిస్తుంది. చుట్టూ నీలం తగ్గితే నీలానికి స్పందించే కణాలు తమ సున్నితత్వాన్ని పెంచుకుంటాయి. ఎరుపు పెరిగితే ఆ వైపు కణాలు తగ్గించుకుంటాయి. జర్మన్ శాస్త్రవేత్త యోహానెస్ ఫాన్ క్రీస్ 1902లో ప్రతిపాదించిన ఈ భావననే నేటి కెమెరాల వైట్ బ్యాలెన్స్ కూడా ఒక రూపంలో వాడుకుంటోంది. పండు పండిందో లేదో పొద్దున్నే చూసినా సాయంత్రం చూసినా తెలియాలంటే ఈ సర్దుబాటు ఉండాల్సిందే. బతకడానికి ఇది గొప్ప వరం. మానిటర్‌ను పరీక్షించడానికి మాత్రం ఇదే అడ్డంకి. నీలం ఎక్కువైన తెర ముందు కాసేపు కూర్చుంటే ఆ నీలపు తెలుపే మనకు తెలుపైపోతుంది.

కన్ను చుట్టుపక్కల రంగులకు కూడా లొంగుతుంది. పారిస్‌లోని గోబెలిన్ వస్త్రశాలలో అద్దకం విభాగానికి బాధ్యుడిగా ఉన్న రసాయన శాస్త్రవేత్త మిషెల్ షెవ్రూల్‌కు ఒక ఫిర్యాదు వచ్చింది. నీలం, ఊదా బట్టల మడతల్లో నీడల కోసం నేసిన నల్లదారం వెలవెలబోతోందని నేతగాళ్ళు అన్నారు. ఆయన దారాన్ని పరీక్షిస్తే అద్దకంలో లోపమేమీ లేదు. పక్కనున్న రంగే నలుపును అలా కనిపించేలా చేస్తోంది. ఆ పరిశీలనలన్నిటినీ ఆయన 1839లో పెద్ద గ్రంథంగా వెలువరించాడు. ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో బొమ్మ చుట్టూ రంగులేని బూడిద వర్ణం ఉండటానికి కారణం ఇదే. వెనక గోడకు ముదురు గులాబీ రంగు వేయించుకుని, ముఖాల రంగు దిద్దడానికి కూర్చోకూడదు అనడానికీ ఇదే కారణం.

అయితే పక్కపక్కన పెట్టి పోల్చమంటే ఇదే కన్ను అద్భుతాలు చేస్తుంది. 1942లో డేవిడ్ మెక్ఆడమ్ చేసిన ప్రయోగాల్లో రెండు రంగుల మధ్య ఎంత చిన్న తేడాను కన్ను పసిగట్టగలదో మ్యాపు గీసినట్టు తేలింది. అంత సూక్ష్మమైన చూపు కూడా, రెండు రంగుల్లో ఒకటి కళ్ళముందు నుంచి తొలగి జ్ఞాపకంలోకి వెళ్ళగానే మొద్దుబారిపోతుంది. దిద్దేటప్పుడు అసలు చీర మన ముందు ఉండదు. ప్రింటు ఇంకా పుట్టలేదు. పోల్చడానికి రెండోది లేనప్పుడు కన్నుకు ఆధారం తెర ఒక్కటే.

అంకె రంగు కాదు

ఫొటో ఫైలులో రంగులు ఉండవు, అంకెలుంటాయి. ఒక్కో పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడింటికి 0 నుంచి 255 దాకా ఒక్కో విలువ. అలా 1,67,77,216 కలయికలు వస్తాయి. అయితే ‘ఎరుపు 255’ అంటే ఏ ఎరుపు? ఒక మానిటర్‌లో అది ఇటుకరంగు వైపు మొగ్గితే ఇంకోదానిలో కుంకుమలా మండుతుంది. అంకెకు అర్థం రావాలంటే ఎవరో ఒకరు ‘ఇది ఫలానా ఎరుపు’ అని నిర్ణయించాలి.

ఆ నిర్ణయానికి పునాది 1931లో పడింది. అంతకుముందు కొన్నేళ్ళుగా ఇంగ్లండ్‌లో డేవిడ్ రైట్ పదిమందితో, జాన్ గిల్డ్ ఏడుగురితో విడివిడిగా ప్రయోగాలు చేశారు. వర్ణపటంలోని ఒక్కో రంగును చూపించి, దానికి సరిపోయేలా మూడు దీపాల వెలుగులను కలపమన్నారు. ఇక్కడ కన్నును అడిగింది పోల్చమనే, అంటే దానికి బాగా వచ్చిన పని. ఆ పదిహేడుగురి ఫలితాలను సగటు చేసి, సీఐఈ అనే అంతర్జాతీయ సంస్థ ‘ప్రామాణిక పరిశీలకుడు’ అనే ఒక నమూనా కన్నును తయారుచేసింది. ఈ రోజు మన ముందున్న ప్రతి మానిటర్, ప్రతి ఫోను, ప్రతి కొలత పరికరం ఆ నమూనా కన్ను భాషలోనే రంగును చెబుతాయి.

ఆ పునాది మీద కట్టినవే కలర్ స్పేసులు. 1996లో హ్యూలెట్ ప్యాకర్డ్, మైక్రోసాఫ్ట్ కలిసి ప్రతిపాదించిన ఎస్‌ఆర్‌జీబీ 1999లో అంతర్జాతీయ ప్రమాణమైంది. ఇంటర్నెట్‌కూ, చాలా ఆల్బమ్ ల్యాబులకూ అదే ఆధారం. 1998లో వచ్చిన అడోబీ ఆర్‌జీబీలో ఎరుపు, నీలం ఎస్‌ఆర్‌జీబీలో ఉన్నవే. ఆకుపచ్చ మాత్రం చాలా గాఢమైనది. డిజిటల్ సినిమా నుంచి ఫోన్లలోకి, లాప్‌టాప్‌లలోకి వచ్చిన పీ3లో ఎరుపు కూడా లోతుగా ఉంటుంది. నెమలికంఠం రంగు పట్టుచీరలోని నీలపు పచ్చ ఎస్‌ఆర్‌జీబీ హద్దుకు తగిలి పాలిపోతే, అడోబీ ఆర్‌జీబీలో దానికి చోటు దొరుకుతుంది. మండపానికి కట్టిన బంతిపూల గాఢ నారింజకు పీ3 ఎక్కువ చోటిస్తుంది.

అయితే పెద్ద కలర్ స్పేస్ ఉన్న మానిటర్ కొంటే ఫొటోలు వాటంతటవే బాగుపడవు. ఎస్‌ఆర్‌జీబీ అంకెలను అనువదించకుండా పీ3 మానిటర్‌కు పంపిస్తే ప్రతి రంగూ అవసరానికి మించి గాఢమవుతుంది. ముఖాలు ఎర్రబడతాయి, కుంకుమ కళ్ళలో గుచ్చుకుంటుంది. అది చూసి దిద్దినవారు గాఢత తగ్గిస్తారు. ప్రింటు వెలిసిపోయినట్టు వస్తుంది. పెద్ద కలర్ స్పేస్ ఉన్న మానిటర్‌కు సరైన అనువాదం తప్పనిసరి. ఆ అనువాదం చేసే ప్రొఫైల్ గురించి కాస్త ముందుకెళ్ళాక చూద్దాం.

ఏ మానిటర్?

దుకాణంలో మానిటర్లను వరసగా పెట్టి చూపిస్తారు. అక్కడ బాగా వెలిగేదే, బాగా రంగులు చిమ్మేదే కంటిని లాగుతుంది. ఫొటోల పనికి కావలసిన లక్షణం వేరు. తెర నిలకడగా ఉండాలి. అంచునైనా మధ్యలోనైనా, ఈరోజైనా వచ్చే వారమైనా, ఒకే అంకెకు ఒకే రంగు చూపించాలి.

ఆ లెక్కన మొదట చూడాల్సింది ప్యానెల్ రకం. పాత చౌక మానిటర్లలో వాడే టీఎన్ ప్యానెల్‌లో తల కాస్త పైకెత్తినా దించినా రంగు మారిపోతుంది. ఒకే తెరలో పై అంచునూ కింది అంచునూ మనం వేర్వేరు కోణాల్లో చూస్తాం గనుక, ఒకే బూడిద వర్ణం రెండుచోట్లా రెండు రకాలుగా కనిపిస్తుంది. ఫొటోల పనికి అది పనికిరాదు. వీఏ ప్యానెల్‌లో నలుపు లోతుగా ఉంటుంది, కాంట్రాస్ట్ దాదాపు 3000:1 దాకా వెళుతుంది, కానీ పక్కనుంచి చూస్తే నీడల వివరాలు మారతాయి. ఐపీఎస్‌లో కాంట్రాస్ట్ సాధారణంగా 1000:1 దగ్గరే ఉన్నా, కోణం మారినా రంగు నిలుస్తుంది. ఎక్కువమంది ఫొటోగ్రాఫర్లు దాన్నే ఎంచుకోవడానికి కారణం ఆ నిలకడే. ఓఎల్ఈడీలో నలుపు నిజంగానే నలుపు. అయితే చాలా ఓఎల్ఈడీ మానిటర్లు తెరలో తెలుపు భాగం పెరిగేకొద్దీ వెలుగును తగ్గించుకుంటాయి. అలాంటిది కొంటే, ఒకే స్థాయి వెలుగును నిలిపి ఉంచే సెట్టింగ్ ఉందో లేదో చూసుకోవాలి.

రెండోది కలర్ స్పేస్. మీ ఫొటోలు వెబ్‌కూ, ఎస్‌ఆర్‌జీబీ అడిగే ల్యాబుకూ వెళ్ళేవైతే దాన్ని పూర్తిగా చూపించే మానిటర్ చాలు, ఎక్కువ డబ్బు పోయనక్కర్లేదు. ఇంట్లోనో స్టూడియోలోనో మంచి ఇంక్‌జెట్ ప్రింటర్ మీద కళాత్మక ప్రింట్లు వేసేవారికి అడోబీ ఆర్‌జీబీని దాదాపు పూర్తిగా చూపించేది అవసరం, ఎందుకంటే ఆ సిరాలు కొన్ని నీలపు పచ్చలను ఎస్‌ఆర్‌జీబీ హద్దు దాటి అచ్చువేయగలవు.

మూడోది మెట్ల సంఖ్య. 8 బిట్లంటే ఒక్కో రంగుకు 256 మెట్లు, 10 బిట్లంటే 1024. సాయంకాలపు ఆకాశంలాంటి మెత్తని రంగుమార్పులో మెట్లు చాలకపోతే చారలు కనిపిస్తాయి. క్యాలిబ్రేషన్ కూడా మెట్లను తింటుంది. తెలుపులో నీలం ఎక్కువుందని గ్రాఫిక్స్ కార్డులో దాన్ని పదిశాతం తగ్గించారనుకోండి, 256 మెట్లలో దాదాపు 230 మాత్రమే మిగులుతాయి. ఖరీదైన మానిటర్లు ఈ దిద్దుబాటును తమ లోపలే, 14 లేదా 16 బిట్ల పట్టికలో చేసుకుంటాయి. దీన్నే హార్డ్‌వేర్ క్యాలిబ్రేషన్ అంటారు. రోజంతా ఫొటోల పనే చేసేవారికి ఆ అదనపు ధర వృథా పోదు.

పరిమాణం, పిక్సెళ్ళ విషయం త్వరగా తేలిపోతుంది. 27 అంగుళాల తెరలో 2560×1440 పిక్సెళ్ళుంటే అంగుళానికి దాదాపు 109 పడతాయి, 4కే అయితే 163. షార్ప్‌నెస్ దిద్దేటప్పుడు రెండోది ప్రింటుకు దగ్గరగా కనిపిస్తుంది. మెరుపు తెర కన్నా మ్యాట్ తెర మేలు. కిటికీ ప్రతిబింబం పడితే నలుపు బూడిదగా మారుతుంది, దాన్ని ఏ పరికరమూ దిద్దలేదు.

120 నిట్లు ఎక్కడివి?

ఫొటోల పనికి మానిటర్ వెలుగును 80 నుంచి 120 నిట్ల మధ్య పెట్టుకోమని పుస్తకాలన్నీ చెబుతాయి. కొత్త మానిటర్ పెట్టె తెరిచేసరికి సాధారణంగా 250 నిట్లకు పైనే వెలుగుతుంటుంది. సగానికి తగ్గించమంటే తెర చచ్చిపోయినట్టు అనిపించి చాలామంది ఒప్పుకోరు. లెక్క వేస్తే ఆ అంకె ఎందుకో తెలుస్తుంది.

ప్రింటుకు సొంత వెలుగు లేదు. గదిలో వెలుగును తిరిగి పంపడమే దాని పని. మంచి వెలుతురున్న ఆఫీసు బల్ల మీద దాదాపు 500 లక్సుల కాంతి పడుతుంది. తెల్లకాగితం దానిలో 85 శాతం దాకా తిప్పికొడుతుంది. ఆ కాంతి అన్ని వైపులకూ చెదురుతుంది కాబట్టి 425ను పై విలువతో, అంటే 3.14తో భాగించాలి. వచ్చేది దాదాపు 135 నిట్లు. మామూలు గదిలో ఇంకా తక్కువే. అంటే 120 నిట్ల తెరలోని తెలుపు, మంచి వెలుతురులో చేతిలో ఉన్న ప్రింటు తెలుపుకు దగ్గరగా ఉంటుంది. తెర 300 నిట్ల దగ్గర వెలుగుతుంటే కన్ను దానికి పూర్తిగా అలవాటు పడదు. ఫొటో మరీ తెల్లగా ఉందనిపించి దాన్ని దించుతారు. ఆ దించిన ఫొటో కాగితం మీదకు వెళ్ళాక నల్లగా కనిపిస్తుంది. అధ్యాయం మొదట్లో చెప్పిన మొదటి ఫిర్యాదుకు మూలం చాలావరకు ఇదే.

వెలుగు తర్వాత తెలుపు రంగు. వెబ్ పనికీ సాధారణ ఆల్బమ్ పనికీ డీ65 అనే పగటి తెలుపును లక్ష్యంగా పెట్టుకుంటారు. దాని రంగు ఉష్ణోగ్రత దాదాపు 6500 కెల్విన్లు. ప్రింట్లను చూసే ప్రామాణిక దీపాలు డీ50, అంటే 5000 కెల్విన్ల దగ్గర, కాస్త పసుపు వైపు ఉంటాయి. అలాంటి దీపం కింద ప్రింటును తెర పక్కనే పెట్టి చూసే అచ్చు నిపుణులు తెరను కూడా అటువైపు జరుపుకుంటారు. మానిటర్‌లోని ‘కూల్’ సెట్టింగ్ మాత్రం ఎవరికీ అక్కర్లేదు. కన్ను ఆ నీలానికి చాలావరకు అలవాటు పడినా పూర్తిగా పడదు, ఎందుకంటే గదిలోని దీపం, బల్ల మీది కాగితం ఇంకో తెలుపును చూపిస్తూనే ఉంటాయి. మిగిలిన ఆ కాస్త నీలాన్ని చెరపాలని ముఖాలకు పసుపు కలుపుతాం. ప్రింటులో ఆ పసుపే మిగులుతుంది.

మూడో లక్ష్యం గామా. కాంతిని 18 శాతం తిప్పికొట్టే బూడిద వర్ణం మన కంటికి నలుపు తెలుపుల నడిమధ్యన ఉన్నట్టు కనిపిస్తుంది. చీకటి భాగాల్లోని చిన్న తేడాలను కన్ను ఎక్కువగా పట్టుకోవడమే దీనికి కారణం. అందుకే ఎస్‌ఆర్‌జీబీలో ఆ బూడిదకు 46 ఇవ్వకుండా, దాదాపు 118 ఇచ్చారు. అంకెకూ వెలుగుకూ మధ్య ఉన్న ఈ వంపుకే గామా అని పేరు, లక్ష్యం 2.2. తెర ఆ వంపును తప్పితే తెలుపూ నలుపూ సరిగ్గానే ఉండి మధ్యలో ఉన్నవన్నీ జారిపోతాయి. వధువు జడ, వరుడి ముదురు కోటు వివరాలన్నీ ఉండేది అక్కడే.

కొలత పరికరం చేసే రెండు పనులు

ఇప్పుడు తెరను కొలవాలి. కలరీమీటర్ అరచేతిలో పట్టే చిన్న పరికరం. ప్రామాణిక పరిశీలకుడి మూడు స్పందనలను అనుకరించే ఫిల్టర్లు దానిలో ఉంటాయి. కాలిబ్రైట్, డేటాకలర్ సంస్థలవి ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. ఉచితంగా దొరికే డిస్‌ప్లేకాల్ సాఫ్ట్‌వేర్ చాలా పరికరాలతో పనిచేస్తుంది. తెరను కనీసం అరగంట వెలగనిచ్చి, నైట్ లైట్, ఆటోమేటిక్ బ్రైట్‌నెస్, డైనమిక్ కాంట్రాస్ట్ లాంటివన్నీ ఆపి, పరికరాన్ని తెరకు ఆనించి వేలాడదీస్తే చాలు. సాఫ్ట్‌వేర్ ఒక్కో రంగు మచ్చను చూపిస్తుంది, పరికరం చదువుతుంది.

ఇక్కడ జరిగేవి రెండు వేర్వేరు పనులని గుర్తుంచుకుంటే గందరగోళం ఉండదు. పాత కిరాణా కొట్టులో త్రాసు ఒకవైపు వాలితే రెండోవైపు పాసంగం కట్టి ముల్లును నడిమికి తెస్తారు. క్యాలిబ్రేషన్ అలాంటి పాసంగమే. వెలుగును 120 నిట్లకు, తెలుపును డీ65కు, వంపును 2.2కు తెస్తుంది. అలా సర్దాక కూడా ఆ తెరకు తనదంటూ ఒక స్వభావం మిగులుతుంది. దాని ఎరుపు సరిగ్గా ఏ ఎరుపు, ఆకుపచ్చ ఎంత గాఢం అన్నవి సర్దుబాటుతో మారవు. వాటిని ఉన్నవి ఉన్నట్టు రాసి పెట్టుకున్న చీటీ ప్రొఫైల్. 1993లో ఎనిమిది సంస్థలు కలిసి ఏర్పరచుకున్న ఐసీసీ రూపొందించిన పద్ధతిలో ఆ చీటీ ఉంటుంది. ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫైలులోని ప్రొఫైల్‌నూ తెర ప్రొఫైల్‌నూ పక్కపక్కన పెట్టుకుని, ‘ఈ ఎరుపును ఆ తెర మీద చూపించాలంటే ఏ అంకెలు పంపాలి’ అని లెక్కగడుతుంది. ఇందాక అనుకున్న అనువాదం ఇదే.

చివర్లో సాఫ్ట్‌వేర్ ఒక నివేదిక ఇస్తుంది. కోరిన రంగుకూ తెర చూపిన రంగుకూ ఉన్న దూరాన్ని డెల్టా ఈ అంటారు. పక్కపక్కన పెడితే కన్ను పసిగట్టగలిగే తేడా దాదాపు 1. సగటు 2 కన్నా తక్కువ వస్తే తెర నమ్మదగ్గది. సగటుతో పాటు అత్యధిక విలువనూ చూడండి. ముఖ్యంగా బూడిద మెట్లలో తేడా ఎక్కువుంటే ముఖాల నీడల్లోకి ఏదో ఒక రంగు చొరబడుతుంది.

తెర కూడా వయసు మీద పడే వస్తువే. వెనకనున్న ఎల్ఈడీలు మెల్లగా మసకబారతాయి, తెలుపు జారుతుంది. కన్ను ఆ జారుడుతో పాటే జారుతుంది గనుక మనకు తెలియదు. నెలకో రెండు నెలలకో ఒకసారి మళ్ళీ కొలవాలి. కొత్త రకం బ్యాక్‌లైట్ ఉన్న మానిటర్ కొంటే, పరికరం సాఫ్ట్‌వేర్‌లో ఆ బ్యాక్‌లైట్ రకాన్ని ఎంచుకోవాలి. లేకపోతే ఫిల్టర్లు పాత దీపం లెక్కలో చదివి తప్పు చెబుతాయి.

పరికరం లేనివారికి

చిన్న ఊళ్ళో స్టూడియో నడిపేవారు ఏడాదికి కొన్నిసార్లే వాడే పరికరాన్ని ఒక్కరే కొనాల్సిన పనిలేదు. నలుగురైదుగురు కలిసి కొనుక్కుని వంతులవారీగా వాడుకోవచ్చు. అదీ కుదరకపోతే, కన్నుకు బాగా వచ్చిన పోల్చే పనినే అప్పగించండి. మానిటర్‌ను ఎస్‌ఆర్‌జీబీ మోడ్‌లో పెట్టండి. మీరు ప్రింట్లు చూసే దీపం కింద తెల్లకాగితం ఉంచి, తెర మీద తెల్ల పేజీ తెరిచి, రెండు తెలుపులూ సమానంగా వెలిగేదాకా బ్రైట్‌నెస్ తగ్గించండి. తర్వాత రకరకాల ముఖాలు, పట్టుచీరలు, నలుపు నుంచి తెలుపు దాకా బూడిద మెట్లు ఉన్న ఒక ఫైలును ఏ దిద్దుబాటూ లేకుండా ల్యాబులో ప్రింటు వేయించి తెచ్చుకోండి. దాన్ని తెర పక్కన పెట్టుకుని చూస్తే మీ తెర ఎటువైపు ఒరుగుతోందో తెలుస్తుంది. పరికరమంత కచ్చితంగా రాదు, కానీ గుడ్డిగా పనిచేయడం కన్నా ఎంతో మేలు. పరికరం ఉన్నవారు కూడా ఈ పరీక్షా ప్రింటును మానకూడదు. ల్యాబు తన కాగితం ప్రొఫైల్ ఇస్తే, ప్రింటు ఎలా వస్తుందో తెర మీదే చూపించే సాఫ్ట్ ప్రూఫ్‌లో ఆ కాగితం మోయలేని రంగులేవో ముందే కనిపిస్తాయి.

చూసేవారి తెర సంగతి?

ఇంత శ్రమ పడ్డాక ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. ఫొటోను చివరికి చూసేది చుట్టాల ఫోన్లలో. ఒకరి ఫోనులో నీలం ఎక్కువ, ఇంకొకరి ఫోనులో రాత్రి మోడ్ వల్ల పసుపు ఎక్కువ. మన తెర ఒక్కటి సరిగ్గా ఉంటే ఏం లాభం?

లాభం ఉంది. వేలమంది తెరల తప్పులు ఒకే దిక్కులో ఉండవు. కొన్ని నీలం వైపు, కొన్ని పసుపు వైపు, కొన్ని వెలుగు వైపు, కొన్ని చీకటి వైపు ఒరుగుతాయి. మీ ఫొటో ప్రమాణం దగ్గర ఉంటే ఎవరి తెర మీదైనా ఆ తెర తప్పు మాత్రమే కనిపిస్తుంది. చూసేవారి కన్ను తన ఫోను తప్పుకు ఇప్పటికే అలవాటు పడి ఉంటుంది కాబట్టి దాన్ని సర్దుకుంటుంది కూడా. మీ తెరే పసుపు తక్కువ చూపిస్తోందని మీరు పసుపు పోశారనుకోండి, ఆ అదనపు పసుపు ప్రతి ఫోనుకూ, ప్రతి ప్రింటుకూ చేరుతుంది. ఫైలులోకి ఒక్కసారి ఎక్కిన తప్పును సర్దుకునే అవకాశం ఎవరికీ ఉండదు.

అందుకే ఫైలు సేవ్ చేసేటప్పుడు ప్రొఫైల్‌ను పొందుపరిచే పెట్టెలో టిక్ తీసేయకండి. ప్రొఫైల్ ఉన్న ఫొటో ముప్పై ఏళ్ళ తర్వాత వచ్చే కొత్తరకం తెర మీద కూడా తన ఎరుపు ఏ ఎరుపో చెప్పగలదు. ప్రొఫైల్ లేని ఫొటో అంకెలను మాత్రమే అప్పగించి, మిగతాది ఆ తెర ఊహకు వదిలేస్తుంది. కొలిచే పనిని పరికరానికీ, గుర్తుపెట్టుకునే పనిని ప్రొఫైల్‌కూ అప్పజెప్పాక, ముఖంలో వెలుగు ఎంత ఉండాలి, చీర ఎంత మెరవాలి, నీడ ఎంత లోతుగా పడాలి అన్న నిర్ణయాలు మిగులుతాయి. వాటికి కొలబద్ద లేదు. అవి మీరు తీసుకోవాల్సినవే, ఇక నమ్మకంగా తీసుకోవచ్చు.